సీసం మీద రంగు

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు. ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటింది. ఓవెన్లూ మిక్సీలూ బాగుచేసే నర్సింహులు దుకాణానికి షట్టర్ సగం దించి ఉంది. లోపల బల్లకి ఒక పక్క నర్సింహులు, మరో పక్క మంజూష. ఆమె భర్త కేదార్ ఇతనికి చేపల వేటలో జత. కేదార్ సింగూరు నీళ్లలో పోయి పదకొండు నెలలైంది. చేపలకి ఎరగా అతను పోత పోసిన, హుక్కులున్న సీసం గుండ్లు రంగేసేందుకు ఆమె తెచ్చింది.

“తియ్యి, తియ్యి, తియ్యి! గంత వేడి వద్దు చెల్లె.”

“మీరేగా పది లెక్కపెట్టమన్నారు, అన్నయ్యగారూ.”

“పది అన్న. నువ్వు పదిహేను దాకా పోయినవ్. సరే, ఇప్పుడు పౌడర్ల ముంచు. ముంచి తియ్యి. ఆగకు, ఆగకు... చూసినవా, గడ్డ కట్టింది.”

“పాడైపోయిందా?”

“పాడేం గాలె. సీసం మస్తు వేడెక్కితే పొడి ఎక్కువ పట్టుకుంటది. ముక్కు కింద బుడిపె వచ్చింది చూడు. పక్కన పెట్టు. చల్లారినంక గీకి మళ్ల చేద్దాం.”

“కేదార్ చేస్తే ఒక్కటీ ఇలా వచ్చేది కాదు.”

“మొదట్ల తమ్మి చేసినయి సుత గిట్లనే ఉండె. రెండు డబ్బాల పౌడర్ ఆగం జేసిండు. ఇక్కడ జేసిండు గాబట్టి నీకు తెల్వదు.”

“నాకు తెలియనివి ఇంకా ఉన్నాయిలెండి.”

“ఇంకోటి తీస్కో. పకడుతోటి హుక్కును మెడ కాడ పట్టుకో. హీట్ గన్ జానెడు దూరం పెట్టు. తిప్పుకుంట ఉండు, ఒక్క దిక్కే కాల్చకు.”

“సరే. ఒకటి, రెండు, మూడు...”

“మనసుల లెక్కపెట్టు. నోరు మూసుకో జర. గాలి పీల్చకు.”

“పొగేం రావట్లేదుగా.”

“సీసం గది. కనపడదు. గందుకే కిటికీ తెరిచిన.”

“కిటికీ తెరిస్తే ఆ కోచింగ్ సెంటర్ మైకు తప్ప ఇంకేం రావట్లేదు. ఆదివారం కూడా కొత్త బ్యాచేనా వీళ్లకి... పది.”

“ముంచు. తియ్యి. డబ్బా అంచుకు తట్టు, రెండుసార్లు. ఆఁ, ఇప్పుడు చూడు.”

“అరే.”

“చూస్తనే ఉండు.”

“పిండి చల్లినట్టుంది కదా ఇందాక. నూనె రాసినట్టు మెరుస్తోంది.”

“లోపలి వేడికి కరిగి అంటుకుంటది. మస్తొచ్చింది చెల్లె. రెండో దానికే గింత నునుపు నాకు రాలే.”

“ఈ చిలకపచ్చే ఎందుకు ఎప్పుడూ? ఇంట్లో డబ్బా నిండా ఇదే రంగు.”

“సింగూరు నీళ్లు మబ్బుగ ఉంటయి. గీ పచ్చ లోపల దాకా కనపడ్తది. దారానికి కట్టి అడుక్కు ఇడిసి, పైకీ కిందికీ ఆడిస్తే చేపపిల్ల ఎగిరినట్టుంటది. వాలుగ చేప అయితే చూసినంక ఆగదు.”

“ఆ రోజు పడింది కూడా వాలుగేనా?”

“సూది తీస్కో. దారం కట్టే కన్ను ఉన్నది గద, రంగు నిండింది చూడు. గట్టిపడకముందే పొడిచి తియ్యాలె.”

“అన్నయ్యగారూ.”

“పొడువు, పొడువు. చల్లారితే రాదు.”

“పొడిచాను. ఆ రోజు పడింది కూడా వాలుగేనా అని అడిగాను.”

“ఆఁ. వాలుగనే.”

“ఎంత ఉంటుంది?”

“చెప్పిన గద అప్పుడే.”

“మళ్లీ చెప్పండి.”

“పది కిలోలు. పన్నెండు. ఏమో. మొత్తం పైకి రాలే గద.”

“పెద్దకర్మ నాడు ఎనిమిది అన్నారు.”

“ఎనిమిదో పదో. తక్కెడ పెట్టి తూచిన్నా చెల్లె?”

“లేదులెండి. చేప పడింది, కేదార్ లేచి నిలబడ్డాడు, పుట్టి ఒరిగింది, పడిపోయాడు.”

“ఆఁ.”

“అంతే.”

“గంతే. ఇంకోటి తీస్కో.”

“అన్నీ నేనే చేస్తాను. మీరు చూడండి చాలు. ఇవి ఇలా బోడిగా ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టట్లేదు. ఒక్కోసారి బీరువా తెరిస్తే డబ్బాలో కదిలినట్టుంటుంది. ముప్పై ఏడు ఉన్నాయి. సీసం పోసి, అంచులు అరగదీసి, వచ్చే వారం రంగేస్తానని పెట్టుకున్నాడు.”

“నాకు పంపితే నేనే ఏసిచ్చేటోణ్ణి గద. నువ్వు గింత దూరం వచ్చుడెందుకు?”

“పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దూరమా?”

“గట్ల గాదు. ఎండల.”

“తొమ్మిది... పది.”

“ముంచు. తియ్యి. ఆఁ. చెయ్యి కుదిరింది నీకు.”

మరో పావుగంట ఇద్దరూ పని మాటలే మాట్లాడుకున్నారు. బల్ల మీద తీగకి ఎనిమిది పచ్చటి గుండ్లు వేలాడాయి.

“ఎనిమిది అయినయి. గీ విడతకు చాలు. ఇగ ఓవెన్‌ల పెడదాం. ఒకదానికొకటి తాకనియ్యకు.”

“రంగు పట్టింది కదా. మళ్లీ కాల్చడం దేనికి?”

“ఇప్పుడు పైపైన పట్టింది. రాయికి తాకితే పెంకు లెక్క ఊడుతది. నూట డెబ్బై ఐదు మీద ఇరవై నిమిషాలు ఉంటే అప్పుడు పక్కా అయితది. సుత్తెతోటి కొట్టినా పోదు.”

“ఇది ఎవరి ఓవెన్?”

“కేకులు చేసేటామె రిపేర్‌కు ఇచ్చి మళ్ల రాలే. ఇగ దీంట్ల తిండి వండొద్దు ఎన్నటికీ. తలుపు వెయ్యి. ఇరవై దాకా తిప్పు. ఆఁ. నువ్వు కూసో, నేను బయటికి పోయి చాయ్ తెస్తా.”

“వద్దు.”

“ఉస్మానియా బిస్కెట్లు సుత—”

“వద్దు, కూర్చోండి. ఇరవై నిమిషాలు మీరు ఎక్కడికీ వెళ్లకుండా నా ఎదురుగా ఉండాలనే వచ్చాను.”

“ఏంది చెల్లె గట్లంటవు. నేనేడికి పోత?”

“ఫోన్ చేస్తే ఎత్తరు. మా అపార్ట్‌మెంట్ ముందు నుంచే రోజూ బండి మీద వెళ్తారు, తల తిప్పరు. ఒకసారి మా వాచ్‌మన్ రాజనర్సయ్య చెయ్యి ఊపితే స్పీడు పెంచారట.”

“పనిల ఉంట గద. మనసుల ఏం పెట్టుకోకు.”

“వాసన వస్తోంది చూడండి.”

“ఓవెన్‌ది. పౌడర్ ఉడుకుతుంది. వస్తది.”

“మా ఇంట్లో ఈ వాసన వస్తోంది.”

“మీ ఇంట్లనా?”

“బాల్కనీలో కేదార్ చిన్న ఓవెన్ ఉంది కదా. ప్లగ్ తీసేసి పదకొండు నెలలు. రోజూ సాయంత్రం ఐదూ నలభై అయ్యేసరికి ఇదే వాసన. కాలిన రంగు.”

“పక్క ఫ్లాటోళ్లు ఏమన్న చేస్తుండ్రేమో.”

“పక్క ఫ్లాట్ ఖాళీ. టులెట్ బోర్డుంది.”

“మనసు చెల్లె. మనసుల ఉంటే ముక్కుకు సుత తెలుస్తది.”

“నాకొక్కదానికే అయితే నేనూ అలాగే అనుకునేదాన్ని. ధాత్రికీ వస్తోంది. ఏడేళ్ల పిల్ల, దానికేం తెలుసు? ‘నాన్న ఓవెన్ పెట్టాడా అమ్మా’ అని వెళ్లి తలుపు తీసి చూసొచ్చింది. దాని వెనకే నేనూ వెళ్లి లోపల చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. వేడిగా ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు, అన్నయ్యగారూ. వేడిగా ఉంటే బావుండునని చూశాను.”

“ఒకసారి యాదగిరిగుట్ట పోయిరండి తల్లీబిడ్డలు. నేను కార్ మాట్లాడిస్త.”

“ఐదూ నలభయ్యే ఎందుకని అడగరేం?”

“వేడి జర ఎక్కువైనట్టుంది. నూట ఎనభై దాటితే పచ్చ పసుపు పడ్తది. ఆగు, చూస్త—”

“కూర్చోండి. ఐదూ నలభైకి నేను కేదార్‌కి ఫోన్ చేశాను. ఆ రోజు.”

“...అట్లనా.”

“మీకు తెలీదా?”

“నాకెట్ల తెలుస్తది?”

“పుట్టిలో ఉన్నది ఇద్దరే.”

“ఫోన్ వచ్చినట్టు యాదికి లేదు. గాలి మస్తుండె ఆ దినం.”

“ఎత్తాడు. నలభై ఒక్క సెకన్లు. ఇదిగో, ఇంకా తుడిచెయ్యలేదు, చూడండి.”

“నేనేం జూస్త. నువ్వు చెప్తున్నవు గద.”

“మీరు పోలీసులకి ఆరూ పది అని చెప్పారు. ఆరూ పదికి చేప పడింది, లేచాడు, పడిపోయాడు. అంటే నా ఫోన్ అయ్యాక అరగంటకి.”

“ఆఁ. గంతే ఉంటది. గడియారం చూసుకోలే.”

“ఆ రోజు ధాత్రి స్కూల్లో యాన్యువల్ డే. నాలుగింటికల్లా వచ్చేస్తానని వాడు, అదే, కేదార్, దాని నెత్తి మీద చెయ్యేసి చెప్పి వెళ్లాడు. ఐదైంది, ఐదున్నరైంది. అందరి నాన్నలూ ముందు వరసలో కెమెరాలు పట్టుకుని ఉన్నారు. ఇది వేషం వేసుకుని గేటు వైపే చూస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది.”

“ఎవలకైనా మండుతది.”

“ఫోన్ ఎత్తాడు కానీ హలో అనలేదు. నీళ్ల చప్పుడు. దాని వెనక ఊపిరి. దూరం నుంచి పరుగెత్తి వచ్చినవాడు తీస్తాడే, అలాంటి ఊపిరి. తప్పు చేశాడు కాబట్టి నోరు పెగలట్లేదనుకున్నాను. ఇంక నోటికొచ్చింది అనేశాను.”

“ఇడిసిపెట్టు చెల్లె. అయిపోయిన ముచ్చట.”

“‘పాప గేటు వైపే చూస్తోంది, నీకు సిగ్గుందా’ అన్నాను. ‘నీకు పెళ్లాం బిడ్డా ఆ సీసం గుండ్లే’ అన్నాను. ఆ తర్వాత ఇంకో మాట. అది చెప్పను. మా అమ్మక్కూడా చెప్పలేదు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా అది పైకి అనలేదు.”

“చెప్పకు. ఎందుకు చెప్తవు. నేనడిగిన్నా?”

“కేదార్‌ది రాజోలు దగ్గర. ఇంటి వెనకే కాలవ. నడక కంటే ముందు ఈత వచ్చిందని మా అత్తగారు అంటుంది. అలాంటివాడు పుట్టిలోంచి నిలవనీళ్లలో పడితే తేలలేకపోయాడా?”

“వల. పాత వల కాలికి చుట్టుకున్నది. పంచనామాల రాసిన్రు గద చెల్లె.”

“రాశారు. ఆ వల ఎక్కడుందో తీసిన జాలరి చెప్పాడు నాకు. మునిగిపోయిన తుమ్మచెట్ల అడుగున. మూడు నిలువుల లోతు. తూలి పడ్డవాడు పక్కకి పడతాడు, తేలతాడు. మూడు నిలువుల లోతుకి ఎందుకు వెళ్తాడు?”

“నీళ్లు గుంజినయేమో.”

“అక్కడ నీళ్లు కదలవట. అదీ చెప్పాడు. దిగాలనుకున్నవాడే అంత లోతుకి వెళ్తాడు, అన్నయ్యగారూ.”

“ఛీ! ఏం మాటలు గవి?”

“నా మాట విన్నాడు. అరగంట ఏం మాట్లాడకుండా కూర్చున్నాడు. దిగాడు. మీరు చేప కథ చెప్పారు, నేను బాధపడకూడదని. అవునా?”

“గాదు.”

“అవునా కాదా?”

“గాదంటున్న గద! చెల్లె, ఇటు చూడు. కోపంల వంద అంటం. మా లచ్చమ్మ నన్ను దినాం అంటది. ఎర్రగడ్డ మార్కెట్‌కు పోయి జర లేటయితే చాలు, అదే పాట. ‘అక్కడే ఉండిపో, ఇంటికి రాకు’ అంటది. గట్లన్నందుకు మనిషి నీళ్లల్ల దుంకుతడా? దుంకితే పట్నంల మగోడు మిగుల్తడా?”

“ఏమంటుంది?”

“గదే. ఏదో ఒకటి అంటది.”

“లచ్చమ్మగారు ఏమంటుందన్నారు? మళ్లీ అనండి.”

“ఏమనె... నాకు యాది లేదు.”

“ఇప్పుడే అన్నారు. ‘అక్కడే ఉండిపో, ఇంటికి రాకు.’”

“ఆఁ, అదే.”

“ఆ మాట నేను మీకు చెప్పలేదు.”

“అందరు అనే మాటనే గద చెల్లె.”

“అదే మాట. అదే వరస. ‘అక్కడే’ అన్నారు మీరు. లచ్చమ్మగారైతే ‘ఆడ్నే’ అంటుంది. మీ ఇంట్లో తిన్నదాన్ని, ఆవిడ మాట నాకు తెలుసు. అది నా మాట.”

“ఓవెన్ చూస్త.”

“ఇంకా తొమ్మిది నిమిషాలుంది. కేదార్ చెప్పాడా మీకు? ఫోన్ పెట్టేసి, మా ఆవిడ ఇలా అందని మీకు చెప్పి దిగాడా?”

“లేదు! గట్ల గాదు. ఆయన... ఆయన ఇనలే చెల్లె.”

“వినలేదా?”

“ఇనలే.”

“మరి ఎవరు విన్నారు?”

“ఆ ఫోన్ ఎత్తింది నేను.”

పైన మెట్రో రైలు వెళ్లి, బల్ల మీద పౌడర్ డబ్బాలు సన్నగా అదిరి ఆగాయి. మంజూష ఆ అదురు ఆగేదాకా వాటినే చూసింది.

“మళ్లీ చెప్పండి.”

“నేను ఎత్తిన. ఫోన్ పుట్టిల ఉండె, తమ్మి అంగీ మీద. నీ పేరు కనపడ్డది. సాయం అడుగుదామని ఎత్తిన. నోరు లేవలే.”

“అప్పటికి కేదార్...”

“అప్పటికే మునిగి ఐదు నిమిషాలు. ఆరేమో. బుడగలు సుత ఆగినయి.”

“మీరేం చేస్తున్నారు?”

“తమ్మి ఇచ్చిన తాడు పట్టుకున్న. నాకు ఈత రాదు చెల్లె, నీకు తెల్సు గద. తాడు నీళ్లల్ల ఇడిసి ఆడిస్తున్న. కేకలు పెట్టిన. ఒడ్డున ఒక్క మనిషి లేడు, రెండు బర్లున్నయి. అవి తలెత్తి చూసినయి. అప్పుడు మోగింది ఫోన్. నువ్వు పాప గేటు దిక్కు చూస్తుందన్నవు. నేనేమని చెప్పాలె? ఏం మాట చెప్పాలె చెల్లె నీకు?”

“ఆ ఊపిరి...”

“నాదే.”

“పదకొండు నెలల నుంచి పడుకుంటే అదే వినబడుతోంది నాకు. కేదార్ ఊపిరి అనుకున్నాను.”

“నాది. నువ్వు పెట్టేసినంక ఫోన్ చేతిల నుంచి నీళ్లల్లకు జారింది. జారిందో, నేనే ఇడిసిన్నో. మళ్ల మోగుతదని భయమైంది. జాలరోళ్లు ఆరు దాటినంక వచ్చిన్రు. ఇప్పుడే పడ్డడు, ఇప్పుడే పడ్డడు అని చెప్పిన. అరగంట కూసొని చూసినవా అని అడుగుతరని... అదే పోలీసులకు సుత చెప్పిన. ఒకసారి చెప్పినంక ఇగ మార్చరాలే.”

“నా మాట ఆయన వినలేదు.”

“ఇనలే. మా అమ్మ మీద ఒట్టు. ఇన్నది నేనొక్కణ్ణే. ఆ మాట నాకే తగిలింది చెల్లె. ఐదూ నలభై అయితే నీకు వాసన వస్తది. నాకు ఫోన్ మోగుతది. గదే రింగు, తమ్మి ఫోన్ రింగు. బండి ఆపి జేబులు దేవులాడుత. మీ ఇంటి ముందర అయితే మరీ. గందుకే తల తిప్ప.”

“నీళ్లివ్వండి కొంచెం.”

“తాగు. మెల్లగ. ఏడువు, ఏడిస్తే ఏం గాదు.”

“ఏడవట్లేదు. ఏంటో, నవ్వొస్తోంది. ఆయన వినలేదు. అన్నయ్యగారూ, ఆయన వినలేదు.”

“ఇనలేదమ్మా.”

“మీరు చెప్పుంటే... మొదటి రోజే చెప్పుంటే నేను...”

“చెప్పాలె. తప్పే. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంట.”

“వద్దు. అలా అనకండి. గంట కొట్టింది.”

“ఏ గంట?”

“ఓవెన్ గంట. అయిపోయింది.”

“ఆఁ. ఆగు, బట్టతోటి పట్టుకో. తీగ మస్తు కాలుతది. గీ ఇటుక మీద పెట్టు. చల్లారనియ్యి.”

“గోటితో గీకితే పోతుందా?”

“ఇప్పుడు ముట్టకు. చల్లారినంక కిందేసి తొక్కు, రంగు పోతే నన్నడుగు.”

“ఇంటికెళ్లి ధాత్రికి చెప్తాను.”

“ఏం చెప్తవ్?”

“నిజం. నాన్నకి నా మీద కోపం లేదని. నా మాట వినకుండానే పోయాడని. రాత్రీ పగలూ అడుగుతుంది, ‘నాన్న ఎలా పడిపోయాడు’ అని. నాకే తెలియంది దానికేం చెప్పను? మొహం తిప్పుకునేదాన్ని. ఇవాళ చెప్పొచ్చు.”

“చేప పడ్డదని చెప్పు. చాలు.”

“చేపా? ఇంకా చేపేంటి?”

“పిల్లకు గది మంచిగుంటది. పెద్ద చేప పడ్డది, నాన్న గుంజిండు అని.”

“ఫోన్ చొక్కా మీద ఉందన్నారు మీరు. తూలి పడేవాడు చొక్కా విప్పి పెడతాడా? మీ చేతికి తాడు ఇస్తాడా?”

“చెల్లె, నీకు గావాల్సింది దొరికింది గద. ఇగ ఇడిసిపెట్టు.”

“చేప పడలేదు.”

“పడలే.”

“దిగాడు.”

“దిగిండు. నువ్వనుకునేటట్టు గాదు. నవ్వుకుంటనే దిగిండు.”

“దేనికి?”

“నీ మీద కోపంతోటి గాదు. గది చాలదా?”

“చాలదు. చాలీచాలని మాటలతోనే పదకొండు నెలలు బతికాను. దేనికి దిగాడు?”

“పాపకు చెప్పనని మాటియ్యి.”

“పాపకి చెప్పడానికేగా అడుగుతున్నాను! మీకు తెలీదు దాని సంగతి. స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ పడేసి, పోలీసులు తెచ్చిచ్చిన వేట పెట్టె తెరుస్తుంది. అన్నీ మంచం మీద పోసి ఒక్కొక్కటే తిప్పి చూస్తుంది. మళ్లీ సర్దేస్తుంది. మర్నాడు మళ్లీ. ఏం వెతుకుతున్నావే అంటే చెప్పదు.”

“రోజూ చూస్తదా?”

“రోజూ.”

“గులాబీ రంగుది అడిగిందా?”

“గులాబీ రంగుదా? ఏ గులాబీ రంగుది, అన్నయ్యగారూ?”

“అంతకుముందు శనివారం పాపను ఇక్కడికి తీస్కొచ్చిండు. నువ్వు ఆఫీసుల ఉన్నవు. గీ స్టూల్ మీద నిలబెట్టి, చెయ్యి పట్టుకొని ఒకటి చేయించిండు. పచ్చ వద్దన్నది, గులాబీ గావాలన్నది. తళుకులు సుత అద్దింది. అమ్మకు చెప్పొద్దు, దీనితోటి చేప పట్టి ఒకేసారి చూపిద్దాం అనుకున్నరు తండ్రీబిడ్డలు.”

“నాకు చెప్పలేదు.”

“ఆ దినం పొద్దుగాల ఆయన బయల్దేరుతుంటే పాప తెచ్చి చేతిల పెట్టిందంట. ‘పోగొట్టకు నాన్నా’ అన్నదంట. దారి పొడుగూత గదే చెప్పుకుంట నవ్విండు. మూడింటికే ఇగ పోదామన్న నేను. ఒక్కసారి, ఒక్కసారి అని దాన్నే ఏసిండు. చెట్టుకు చిక్కింది. తెంపు తమ్మి, పాప ప్రోగ్రాం ఉన్నది అన్న. తెంపలే. రెండు గంటలు పుట్టి అటు ఇటు తిప్పి గుంజిండు. రాలే. ఇగ అంగీ విప్పిండు.”

“చాలు.”

“రెండుసార్లు మునిగి లేచిండు. చేతికి తాకింది అన్నడు. వద్దు తమ్మి, రా అని చెయ్యి చాపిన—”

“చాలన్నాను, అన్నయ్యగారూ.”

“‘ఇది పోతే పాపకేం చెప్పను నర్సన్నా?’ అన్నడు చెల్లె, గంతే, గదే ఆఖరి మాట.”